పొందూరు దారిలో పత్తి పాఠాలు

విజయనగరంలో పలాస పాసింజర్ ఎక్కితే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం దాటాక సన్నటి ఖాదీకి పేరున్న పొందూరు వస్తుంది. చీపురుపల్లి దాటేసరికి కిటికీ పక్కన తాటిచెట్లు చిక్కబడతాయి. కార్తీకమాసం కావడంతో పొలాల మీద మంచు ఇంకా విడలేదు. పెట్టెలో సగంమంది శ్రీకాకుళం పనుల మీద పోయేవాళ్ళే. పొందూరులో నాతోపాటు దిగినవాళ్ళు కూరగాయల గంపలతో గబగబా ఆటోలు పట్టుకున్నారు. నేనూ ఒక ఆటోలో సర్దుకుని కూర్చున్నాను.

నాకు కుట్టుపని వచ్చు, క్రోషియా కొంత వచ్చు. దారం మాత్రం ఎప్పుడూ కొట్లో ఉండలుగా కొన్నదే. అసలు దారం ఎలా పుడుతుందో నా చేతులతో తెలుసుకోవాలని చాలా కాలంగా కోరిక. మా ఆఫీసులో ఒకావిడ పుట్టిల్లు పొందూరు. వాళ్ళ మామ్మ ఇప్పటికీ వడుకుతుందని తెలిశాక ఇక ఆగలేకపోయాను. సెలవు పెట్టి, ఆ ఇంట్లోనే ఉండేలా మాట్లాడుకుని బయల్దేరాను.

మామ్మ వీధి అరుగు మీదే ఉంది. వచ్చిన పని చెప్పి, రాట్నం ఎక్కడుందని అడిగాను. "రాట్నానికేటి, అది రేపైనా తిప్పొచ్చు. కూకో. ముందు దూది పని సూడమ్మా" అంది. ఆ మాటలో ఎంత ఉందో ఆ పూటే తెలిసొచ్చింది.

ముందు చేతికొచ్చేది కొండపత్తి, గింజతో ఉన్నది. అంగట్లో దొరికే తెల్లటి దూది కాదు, కొంచెం గోధుమరంగు ఛాయ ఉంటుంది. పీచు పొట్టిది. పొట్టి పీచుతో సన్నటి నూలు తీయడం కష్టం. మిల్లువాళ్ళు ఈ పత్తి జోలికి పోనిది అందుకే. పొందూరు ఆడవాళ్ళు మాత్రం దీంతోనే నూరో కౌంటు నూలు, అంటే చాలా సన్నటి నూలు, వడుకుతారు. ఆ నేర్పులో పెద్ద భాగం ఒక చేప దవడలో ఉంది.

ఆ చేప వాలుగ. ఎండబెట్టిన దాని దవడ ఎముక ముక్క మామ్మ నా అరచేతిలో పెట్టింది. బరువే లేదు. వేలితో అంచు తడిమితే వందల సన్నటి పళ్ళు గుబురుగా తగిలాయి, గుచ్చుకోలేదు. గోదావరి వైపు నుంచి తెచ్చి అమ్ముతారట. ఒక్కొక్క గింజనే వేళ్ళ మధ్య పట్టుకుని, దాని చుట్టూ ఉన్న పీచును ఆ పళ్ళ మీదుగా లాగుతారు. లాగిన కొద్దీ ఆకు నలకలు, పొల్లు, ముడిపడిన పీచు ఆ పళ్ళలోనే ఉండిపోతాయి. మిగిలిన పీచు అంతా ఒకే దిక్కుకు తిరిగి, గింజ చుట్టూ మెత్తగా మెరుస్తూ విచ్చుకుంటుంది. స్టీలు దువ్వెన వాడకూడదా అని అడిగాను. "ఇనుం పెడితే పీచు తెగిపోతాది. దీనికైతే పీచు దానంతటదే సదురుకుంటాది" అంది మామ్మ.

పొద్దుటి పూటంతా ఆ పని చేశాను. మామ్మ ముందు దువ్విన పత్తి కుప్పగా పెరుగుతుంటే నా ముందు గుప్పెడు కూడా కాలేదు. కానీ ఆ గుప్పెడు పత్తిని వెలుగుకు పట్టి చూస్తే పీచు పీచు విడివిడిగా కనిపించింది. నా చేతులతో చేసిన పనిలో నాకు అంత ఇష్టమైంది ఇటీవల మరొకటి లేదు.

తర్వాతది గింజ తీయడం. చెక్క పలక మీద దువ్విన పత్తి పెట్టి, సన్నటి ఇనప కడ్డీతో ఒత్తుతూ ముందుకు దొర్లిస్తారు. గింజ ముందుకు జారిపోతుంది, దూది వెనక మిగులుతుంది. గింజ నలగదు. జిన్నింగ్ మిల్లులో రంపపు పళ్ళు పీచును పట్టి లాగేసినట్టు ఇక్కడ ఎవరూ లాగరు. కడ్డీ మీద బలం ఎక్కువైతే గింజ చితికి నూనె మరక పడుతుంది, తక్కువైతే కడ్డీ గింజ మీంచి దాటిపోతుంది. కోడలు, అంటే నేను వదినా అని పిలుస్తున్నావిడ, మాట్లాడుతూ మాట్లాడుతూనే, చూడకుండానే చేసేస్తోంది.

ఆ దూదిని చిన్న విల్లుతో ఏకుతారు. నారి దూదిలోకి దించి మీటితే ఇల్లంతా జుమ్మని మోగుతుంది, దూది మీగడలా పొంగుతుంది. దాన్ని సన్న పుల్లకు చుట్టి, పుల్ల లాగేస్తే ఏకు తయారు. తయారైన ఏకులను ఎండిన అరటి డొప్పలో దాస్తారు. దుమ్ము పడదు, చెమ్మ ఆరిపోదు. ఇంత సున్నితమైన సరుకుకు పెరట్లో దొరికే డొప్ప సరిపోవడం నాకు భలే నచ్చింది.

ఇవాళ చాలా ఖాదీ కేంద్రాల్లో ఈ పనులేవీ వడికేవాళ్ళు చేయరు. ఖాదీ కమిషన్ వారి స్లైవర్ ప్లాంట్లలో యంత్రాలు ఏకి పంపిన సరుకును అంబర్ చరఖా మీద, ఒకేసారి చాలా కదుళ్ళ (దారం పురి ఎక్కి చుట్టుకునే పుల్లల) మీద వడుకుతారు. తప్పేం లేదు, అక్కడి నూలుకు అది చాలు. పొందూరులో మాత్రం గింజ పత్తి నుంచి నూలు దాకా అంతా ఒకే ఇంటి అరుగు మీద జరుగుతుంది. ఖాదీ అనగానే మనకు రాట్నం బొమ్మే కళ్ళ ముందుకొస్తుంది కానీ, ఈ బట్ట సన్నదనం రాట్నం దగ్గరికి రాకముందే సగం తయారైపోతోంది. మామ్మ నన్ను ముందు దూది ముందు కూర్చోబెట్టింది అందుకే.

రాట్నం మర్నాడు చీకటితోనే మొదలు. 24 ఆకుల (చువ్వల) చక్రం, ఒకటే కదురు. నేల మీద కూర్చుని కుడిచేత్తో తిప్పుతూ ఎడమచేత్తో ఏకు పట్టుకోవాలి. కదురు మొనకు అంటించిన పోగు పురి ఎక్కుతూ ఉంటే, ఎడమచెయ్యి పక్కకీ పైకీ సాగిపోవాలి. చెయ్యి చాచినంత దూరం పోయాక, చక్రాన్ని ఒక్క పిసరు వెనక్కి తిప్పి మొన దగ్గరి చుట్టు వదిలించి, దారాన్ని కదురుకు అడ్డంగా తెచ్చి చుట్టుకోవాలి. మళ్ళీ మొదలు.

చెప్పడానికి తేలికే. మొదట్లో నా పోగు జానెడు కాకుండానే తెగింది. వేళ్ళతో ఏకును గట్టిగా పట్టుకుంటే పురి పైకి ఎక్కే చోట దూది ఇరుక్కుపోతుంది. మామ్మ నా మణికట్టు కింద తన వేళ్ళు ఆనించి, "లాగకమ్మా. అదే వొస్తాది, నువ్వు ఒగ్గీయ్" అంది. వదిలాను. పట్టు సడలగానే దూది తనంతట తాను పీచు వెంట పీచు జారి దారంలోకి పోయింది. పురి ఎప్పుడూ ముందు సన్నగా ఉన్న చోటికి పోయి దాన్ని గట్టి చేస్తుంది. లావుగా ఉన్న చోట పురి తక్కువ, అక్కడ పీచు ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి చెయ్యి సాగే కొద్దీ అదీ సన్నబడుతుంది. అలా దారం తన ఎగుడుదిగుళ్ళు తానే దిద్దుకుంటుంది. దువ్వడంలో ఒక్క ముడి మిగిలినా సరే ఆ సర్దుబాటు అక్కడ ఆగిపోతుంది. నిన్నటి చేప పళ్ళ పని ఎందుకో అప్పుడు నా వేళ్ళకు అర్థమైంది.

తెగిన పోగును అతికించడమూ మామ్మే నేర్పింది. తెగిన కొసను ఏకు నూగు మీద పడుకోబెట్టి, చక్రాన్ని మెల్లగా కదిపితే చాలు, పీచు దాన్ని పట్టేసుకుంటుంది. ముడి వెయ్యరు. ముడి వేస్తే మగ్గం మీద అది తెలిసిపోతుంది.

పొద్దెక్కేసరికి దారం మళ్ళీ తెగడం మొదలైంది. "ఎండెక్కినాక దారం మాట ఇనదమ్మా" అని మామ్మ రాట్నం పక్కకు పెట్టేసింది. గాలిలో చెమ్మ ఉంటే పత్తి పీచు సాగుతుంది, బలంగా ఉంటుంది. గాలి పొడిబారితే పెళుసవుతుంది. అందుకే తెల్లవారుజామున వడుకుతారు, ఎండపూట దువ్వుకుంటారు.

నూరో కౌంటు అంటే ఏమిటో ఆ మధ్యాహ్నం కూర్చుని లెక్క కట్టుకున్నాను. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అన్నో కౌంటు. నూరు అంటే ఒక్క గ్రాము దూదిలోంచి దాదాపు 170 మీటర్ల దారం. ఒక గ్రాము అంటే నా చిటికెలో పట్టేంత దూది. అది మా వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగుతుంది.

1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. ఇక్కడి బట్ట సంగతి విన్న గాంధీజీ, చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1949లో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. మామ్మ వడికిన చిలపలు అక్కడికే పోతాయి. సాయంత్రం వదినతో కలిసి నేనూ వెళ్ళాను. బల్ల మీద పంచెలు, చీరలు మడతలు పెట్టి ఉన్నాయి. ఒక పంచె విప్పి వేళ్ళ మీద వేసుకుంటే వేలిగోళ్ళు కనిపించాయి. తెల్లగా వెలిగిపోయే తెలుపు కాదు, ఆ కొండపత్తి ఛాయే.

వడికేవాళ్ళలో ఎక్కువమంది పట్టుశాలి కుటుంబాల ఆడవాళ్ళు. నేతపని దేవాంగులది. ఒక నేతగాడి ఇంటికి వదిన తీసుకెళ్ళింది. గుంట మగ్గం. కాళ్ళు గుంటలో, నేలకు దాదాపు ఆనుకునే పడుగు (నిలువు పోగులు). గుంటలోని చల్లదనం దారానికి మంచిదట. పడుగుకు గంజి పట్టించి ఆరబెట్టాకే మగ్గమెక్కిస్తారు, లేకపోతే ఇంత సన్నటి ఒంటిపోగు నిలవదు. ఆయన నేస్తున్నంతసేపూ చూపు పడుగు మీదే. ఒక పోగు తెగితే నాకు కనిపించలేదు. ఆయన నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్ళేది) ఆపి, వేలికొసతో దాన్ని వెతికి అతికించి మళ్ళీ మొదలుపెట్టారు. "నూలు బాగుంటే నా పని సగమే" అన్నారు. ఆ మాట మామ్మకు చెప్పాలనిపించింది, చెప్పాను. ఆమె ముఖం వెలిగింది.

ఇక బాధ కలిగించే సంగతి. వడికినవాళ్ళకు డబ్బు చిలపల లెక్కన వస్తుంది. దువ్వడం, గింజ తీయడం, ఏకడం అన్నీ ఆ లెక్కలోనే కలిసిపోతాయి. రోజంతా అరుగు మీద కూర్చుంటే వచ్చేది కూలిపనిలో వచ్చేదానికన్నా తక్కువ. మనవరాళ్ళకు నేర్పారా అని అడిగితే, "సదువుకున్న గుంటలు ఇక్కడ కూకుంటారేటి?" అంది మామ్మ. ఆ ప్రశ్నలో వాళ్ళ మీద కోపం లేదు. నాకు మాత్రం ఉంది, ఆ పిల్లల మీద కాదు, ఈ పనికి ఇంత తక్కువ విలువ కట్టిన మన మీద. పంచె ధర చూసి ఎక్కువ అనేవాళ్ళు ఒక్క పూట ఆ చేప దవడ పట్టుకుని కూర్చుంటే బేరమాడరు.

మీలో ఎవరైనా నేర్చుకుందామని వెళ్తే కొన్ని మాటలు. చలికాలం మంచిది, తెల్లవారకముందే కూర్చోవాలి. రాట్నం అడక్కండి, ముందు గింజ పత్తి అడగండి. గోళ్ళు కత్తిరించుకోండి, చేతులకు నూనె గానీ క్రీము గానీ రాసుకోవద్దు. మీకు నేర్పడానికి వాళ్ళు కూర్చున్నంతసేపూ వాళ్ళ నూలు ఆగిపోతుంది, కాబట్టి ఆ సమయానికి డబ్బివ్వండి. వద్దంటారు, అయినా ఇవ్వండి. బట్ట కొనదలిస్తే సంఘంలోనే కొనండి. నూరో కౌంటు అని అడిగి, విప్పించి, వెలుగుకు పట్టి చూసి మరీ కొనండి. సంక్రాంతి సెలవులకు నేను మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి ఏకు చుట్టడం దగ్గర్నుంచి నేర్పిస్తానంది మామ్మ.