హంటింగ్టన్‌లో నవంబరు 14

నవంబరు రెండో వారంలో వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ వెళ్లేవాళ్లు హోటల్ గది కనీసం రెండు నెలల ముందు పట్టుకోవాలి. మామూలు రోజుల్లో వంద డాలర్లకు అటూ ఇటూగా దొరికే గదికి ఆ వారం రెండింతలు అడిగారు. పైగా ఒక్క రాత్రికి ఇవ్వం, రెండు రాత్రులైతేనే అన్నారు. ఒళ్లు మండింది. పంతం లేకపోతే ఒహాయో వైపు ఐరన్‌టన్‌లోనో, కెంటకీ వైపు ఆష్‌లాండ్‌లోనో చూసుకోండి. అరగంట డ్రైవు, జేబుకి చాలా నయం.

నన్ను ఆశ్చర్యపరిచింది రేటు కాదు, ఆ జనం దేనికోసం వస్తున్నారన్నది. 1970 నవంబరు 14న విమాన ప్రమాదంలో పోయిన ఈ ఊరి కాలేజీ జట్టును తలుచుకోవడానికి వస్తారు. ఇక్కడి మార్షల్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు (మన సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) 1996లో ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి తన డివిజన్ ఛాంపియన్ అయింది. 1999లో 13కి 13 గెలిచింది. ఇంకే ఊళ్లోనైనా ఆ రెండేళ్ల గురించే చెప్పుకుంటారు. ఇక్కడ కాఫీ కొట్లో ఎవరిని పలకరించినా మాట 1971 దగ్గరికే పోతుంది. ప్రమాదం తర్వాతి ఆ ఏడు మార్షల్ పది మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది.

దారి తెలిసిందే. ఒహాయో రాజధాని కొలంబస్ నుంచి యూఎస్-23 హైవే పట్టుకుని సర్కిల్‌విల్, చిల్లికాథీ మీదుగా దక్షిణానికి దిగాలి. పోర్ట్స్‌మత్ ఊళ్లోకి దూరకుండా 823 బైపాస్ ఎక్కితే సిగ్నళ్ల బెడద తప్పుతుంది. తర్వాత యూఎస్-52 మీద ఒహాయో నది పక్కనే ప్రయాణం. మొత్తం రెండున్నర గంటలు. ఆమ్‌ట్రాక్ కార్డినల్ రైలు హంటింగ్టన్‌లో ఆగుతుంది కానీ వారానికి మూడు రోజులే. తేదీ కుదిరితే అదృష్టమే. దారిలో శాకాహారం దొరుకుతుందని నమ్ముకోకుండా పులిహోర కట్టుకుని బయల్దేరడం మేలు.

చాలామంది నేరుగా క్యాంపస్‌కి పోతారు. ముందు విమానం కూలిన కెనోవా వైపు పోవాలని నా మాట. ఐ-64 మీద ఒకటో నంబరు ఎగ్జిట్ దిగి రూట్ 75 పట్టుకుంటే కొండ వాలు పక్కన స్మారకం కనిపిస్తుంది. రోడ్డు ఇరుకు, మలుపులెక్కువ. కారు రోడ్డంచున పూర్తిగా పక్కకు తీసి ఆపాలి, వెనక వచ్చే ట్రక్కులు వేగం తగ్గించవు.

1970 నవంబరు 14న మార్షల్ జట్టు నార్త్ కరోలినా రాష్ట్రంలో ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ చేతిలో 17-14తో ఓడి, సదరన్ ఎయిర్‌వేస్ డీసీ-9 చార్టర్ విమానంలో తిరిగొస్తోంది. ఆ సీజన్లో వాళ్లు విమానం ఎక్కింది అదొక్కసారే. రాత్రి ఏడున్నర దాటింది, వాన, పొగమంచు. హంటింగ్టన్‌కి దిగే ట్రై-స్టేట్ విమానాశ్రయం కొండ మీద ఉంటుంది. అప్పట్లో అక్కడి పరికరాలు రన్‌వే ఏ దిక్కున ఉందో చెప్పేవి గానీ, ఏ వాలులో దిగాలో చెప్పేవి కావు. అలాంటి చోట రన్‌వే దీపాలు కంటికి ఆనేదాకా పైలట్ ఒక ఎత్తుకన్నా కిందికి దిగకూడదు. ఆ విమానం దిగింది. రన్‌వేకి దాదాపు మైలు ఇవతల చెట్లను తాకి కూలింది. పరికరాలను సరిగ్గా వాడుకోకపోవడమా, ఎత్తు చూపే ఆల్టిమీటర్ల లోపమా అన్నది దర్యాప్తులో తేలలేదు. 75 మందీ పోయారు. 37 మంది ఆటగాళ్లు, 8 మంది కోచింగ్ సిబ్బంది, జట్టుకు అండగా వెంట వెళ్లిన 25 మంది ఊరివాళ్లు, విమానానికి సంబంధించిన ఐదుగురు. ఆ రాత్రి 70 మంది పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకున్నారు. వాళ్లలో 18 మందికి ఇద్దరూ లేకుండా పోయారు. స్మారకం ముందు నిలబడి ఎయిర్‌పోర్టు వైపు తలెత్తితే ఆ మైలు ఎంత తక్కువ దూరమో తెలుస్తుంది.

అక్కణ్ణుంచి స్ప్రింగ్ హిల్ శ్మశానవాటిక. గుర్తుపట్టలేకపోయిన ఆరుగురు ఆటగాళ్లను అక్కడ పక్కపక్కనే ఖననం చేశారు. నేట్ రఫిన్ సమాధి కూడా ఆ దగ్గర్లోనే ఉంది. గాయం వల్ల ఆ రోజు విమానం ఎక్కని అతను, 1971 జట్టుకి కెప్టెన్‌గా నిలబడ్డాడు. 2001లో చనిపోయాక తన జట్టు పక్కకే చేర్చారు. కొండ మీద గాలి జాస్తి, చెవులు కప్పుకోవాలి.

ఇక 1971. ఫుట్‌బాల్ ఎత్తేద్దామన్న మాట బలంగానే నడిచింది. చివరికి వూస్టర్ కాలేజీ నుంచి జాక్ లెంజెల్ కోచ్‌గా వచ్చాడు. పాత సిబ్బందిలో ఆ రోజు కారులో ప్రయాణించి బతికిపోయిన రెడ్ డాసన్ ఇంకొక్క ఏడాది ఉంటానని ఒప్పుకున్నాడు. ఆటగాళ్లే లేరు. అప్పటి నిబంధన ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మార్షల్‌కి ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. విమానం ఎక్కని కొద్దిమంది పాతవాళ్లు, నిన్నగాక మొన్న హైస్కూలు దాటిన కుర్రాళ్లు, కాలేజీలో వేరే ఆటలాడేవాళ్లు. వీళ్లే జట్టు.

ఈ జట్టుతో ఏ పద్ధతి ఆడాలన్నదే అసలు చిక్కు. లెంజెల్ అదే రాష్ట్రంలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ కోచ్ బాబీ బౌడెన్‌ని అడిగితే, ఆయన తన ఆట పుస్తకాలు, ఫిల్ములు ముందుపెట్టి "వీర్" అనే పద్ధతి నేర్పించాడు. బంతి పట్టుకుని పరిగెత్తే మామూలు రన్నింగ్ ఆటలో ముందు వరుస వాళ్లు ఎదుటివాళ్లను బలంతో నెట్టాలి. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ఇరవై రెండేళ్ల వాళ్లను నెట్టలేరు. వీర్‌లో అవతలి వరుస చివర ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ని కావాలనే ఎవరూ తాకరు. అలా మిగిలిన మనిషితో ఇంకోచోట ఇద్దరు కలిసి ఒకణ్ణి అడ్డుకోవచ్చు. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే, బంతితో పరిగెత్తే ఒక రన్నింగ్ బ్యాక్ తన ముందు వరుసలో పక్కపక్కన ఉండే గార్డుకీ టాకిల్‌కీ మధ్య సందులోకి దూసుకొస్తాడు. క్వార్టర్‌బ్యాక్ బంతిని అతని పొట్టకు ఆనించి పట్టుకుని, కళ్లు మాత్రం ఆ ఎండ్ మీదే పెడతాడు. ఎండ్ కదలకపోతే బంతి ఆ బ్యాక్‌కే వదిలెయ్యాలి. లోపలికి విరుచుకుపడితే లాగేసుకుని వరుస వెంబడి పక్కకు పరిగెత్తాలి. అక్కడ ఇంకొకడు ఎదురవుతాడు. వాడు మీదకొస్తే వెనకాలే వచ్చే రెండో బ్యాక్‌కి బంతి విసరాలి, రాకపోతే తనే పట్టుకుపోవాలి. కబడ్డీలో కూతకెళ్లినవాడు మూలనున్నవాడి అడుగు చూసి తన అడుగు మార్చుకున్నట్టే. ముందే ఒకటి అనుకుని పోయాడో, దొరికిపోతాడు.

తప్పేది ఎక్కువగా ఆ మొదటి క్షణంలోనే. ఇద్దరి చేతులూ బంతి మీద ఉన్నప్పుడు ఒకరు ఇచ్చాననుకుని, ఇంకొకరు ఇవ్వలేదనుకుంటే బంతి నేల మీద పడుతుంది. వందలసార్లు కలిసి చేస్తే తప్ప ఇది ఒంటికి పట్టదు, వాళ్లకేమో అన్ని నెలలు లేవు. రెండో ఇబ్బంది, స్కోరులో వెనకబడితే వీర్ ఆదుకోదు. రన్నింగ్ ఆటలో గడియారం త్వరగా కరిగిపోతుంది. ఆ ఏడు మయామీ (ఒహాయో) యూనివర్సిటీ చేతిలో 66-6తో ఘోరంగా ఓడారు.

మొదటి మ్యాచ్ మోర్‌హెడ్ స్టేట్‌లో 29-6తో పోయింది. 1971 సెప్టెంబరు 25న జేవియర్ యూనివర్సిటీతో ఫెయిర్‌ఫీల్డ్ స్టేడియంలో ఆడారు. ప్రమాదం తర్వాత సొంతగడ్డ మీద అదే తొలి ఆట. ఆ మ్యాచ్‌లో ఆఖరి ఒక్క ప్రయత్నం మిగిలేసరికి స్కోరు 13-9, మార్షల్ వెనక ఉంది. నాలుగు పాయింట్ల తేడా కాబట్టి ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) కొట్టినా లాభం లేదు, టచ్‌డౌన్ (బంతిని మైదానం చివరనున్న ఎండ్ జోన్‌లోకి చేరిస్తే వచ్చే ఆరు పాయింట్లు) కావాలి, 13 గజాలు పోవాలి. అందరూ ఆకాశంలోకి పొడుగు పాస్ వేశారనుకుంటారు. వేసింది స్క్రీన్ పాస్. క్వార్టర్‌బ్యాక్ రెజీ ఆలివర్ ఒక పక్కకు పరుగు తీస్తున్నట్టు నటించాడు, డిఫెన్సంతా అటే కదిలింది. మార్షల్ లైన్ వాళ్లు ఎదుటివాళ్లను కాసేపు ఆపినట్టే ఆపి వదిలేసి రెండో పక్కకు జారుకున్నారు. ఆలివర్ అటుపక్క ఉన్న టెర్రీ గార్డ్‌నర్‌కి పొట్టి పాస్ అందించాడు. స్క్రీన్‌లో కష్టమంతా ఆ జారుకోవడంలోనే ఉంది. అర సెకను ముందు జరిగితే డిఫెన్స్ పసిగడుతుంది, ఆలస్యమైతే క్వార్టర్‌బ్యాక్ నేలకరుస్తాడు. ఆ కుర్రాళ్లు సరిగ్గా అదనుకి జరిగారు. గార్డ్‌నర్ తన ముందున్న అడ్డుకోతగాళ్ల వెనకే ఎండ్ జోన్‌లోకి వెళ్లాడు. 15-13. జనం చాలాసేపు ఇళ్లకు పోలేదంటారు. అక్టోబరు నెలాఖరున బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీని 12-10తో ఓడించారు. గెలిచినవి ఆ రెండే.

ఫెయిర్‌ఫీల్డ్ స్టేడియం కోసం వెతక్కండి, 2004లో పడగొట్టేశారు. నాకు అది నిజంగా బాధ. కనీసం ఆ 13 గజాల నేలైనా ఉంచాల్సింది.

నవంబరు 14 కార్యక్రమం స్టూడెంట్ సెంటర్ ముందున్న ఫౌంటెన్ దగ్గర జరుగుతుంది. టికెట్టు లేదు. సమయం ఆ ఏడు యూనివర్సిటీ ప్రకటనలో చూసుకుని గంట ముందు చేరాలి. క్యాంపస్ లాట్లలో పర్మిట్ లేకుండా కారు పెడితే జరిమానా పడుతుంది, వీధి మీటర్లున్న చోటు వెతుక్కుని నడవడం నయం. ఫౌంటెన్‌ని 1972లో హ్యారీ బెర్టోయా చేశాడు, ఫర్నిచర్ తెలిసినవాళ్లకు తీగల డైమండ్ కుర్చీ చేసినాయనగా పరిచయం. 13 అడుగులకు పైగా ఎత్తు, 6,500 పౌండ్ల బరువు. దగ్గరికి పోతే ఒక్కొక్క లోహపు కడ్డీని అతికిన గరుకు కనిపిస్తుంది, నీళ్లు ఆ గరుకు మీదుగా చీలి కిందికి దిగుతాయి. 75 పేర్లూ చదువుతారు, పుష్పగుచ్ఛం పెడతారు, నీళ్లు కట్టేస్తారు. పేర్లు చదివేంతసేపూ ఫోన్లు జేబులోనే ఉంచుకోవాలి, అక్కడివాళ్లంతా అదే చేస్తున్నారు. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ ఒక పేరు దగ్గర తనూ పెదాలు కదిపింది. ఆవిణ్ణి ఏమీ అడగలేదు, అడగకూడదు కూడా.

ఆ రోజు ఆగిన నీళ్లు మళ్లీ వసంతంలోనే వస్తాయి. డిసెంబరు, జనవరిలో వచ్చి ఫౌంటెన్ ఎండిపోయి ఉందేంటని నిరాశపడేవాళ్లు చాలామంది. పారే నీళ్లు, ఆట రెండూ ఒకేసారి చూడాలంటే సెప్టెంబరు నెలాఖరు శనివారం మంచిది. ఇప్పటి జోన్ సి. ఎడ్వర్డ్స్ స్టేడియం క్యాంపస్ నుంచి నడిచిపోయేంత దూరమే, పడమటి గోడ మీద 1970 జట్టు కంచు శిల్పం ఉంది. పెద్ద పేరున్న కాలేజీల మ్యాచ్‌లతో పోలిస్తే ఇక్కడ టికెట్టు తేలిగ్గా, చవగ్గా దొరుకుతుంది.