చప్పుడు కాకుండా ఒక శనివారం

తమ్ముడు పొద్దున ఆరున్నరకి వచ్చాడు. ఈ నెలంతా వాడికి నైట్ షిఫ్ట్. కాళ్ళు కడుక్కుని, నాలుగు ఇడ్లీలు తిని, హాల్లో పరుపు పరుచుకుని పడుకున్నాడు. బెంగళూరు కగ్గదాసపురలో మాది సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. బెడ్‌రూమ్ కిటికీ రోడ్డు వైపు ఉందని, అక్కడ పగలు నిద్ర పట్టదని వాడు హాల్లోనే పడుకుంటాడు. హాలు దాటకుండా వంటింట్లోకి వెళ్ళే దారి లేదు. అందుకని ఈ నెలలో నా శనాదివారాలన్నీ పిల్లి అడుగులే.

చప్పుడు చేయకూడదు అనుకున్నాక గానీ, ఒక ఇల్లు ఎన్ని చోట్ల మోగుతుందో తెలియదు. స్టీలు గిన్నెల స్టాండు లోంచి గరిటె తీయాలంటే ముందు పక్క గరిటెని వేలితో పట్టుకోవాలి. వంటింటి తలుపు సగం దాకా మెత్తగా వస్తుంది, ఆ తర్వాత కొంచెం పైకెత్తి తోయాలి. ఫ్రిజ్ తలుపు వేసేటప్పుడు చివరి అంగుళం చేత్తో ఆపాలి. కుక్కర్ పెట్టే ప్రశ్నే లేదు. అమ్మ చేసినట్టు ఎసరు పెట్టి, గంజి వార్చి అన్నం వండాను. ఎనిమిదింటికి సొప్పు, అంటే ఆకుకూరలు, అమ్మే ఆమె కింద నుంచి కేక వేసింది. రోజూ పైనుంచే బదులు చెప్పేదాన్ని, ఇవాళ మూడంతస్తులు దిగి వెళ్ళి మెంతికూర కట్ట తెచ్చుకున్నాను. మెట్ల మీద చెప్పులు కూడా చేత్తోనే పట్టుకున్నాను. పైకి వచ్చి చూస్తే వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, దుప్పటి జారిపోయి ఉంది. కప్పలేదు. కప్పితే లేస్తాడు.

పదిన్నరకి పని అయిపోయింది. బెడ్‌రూమ్ తలుపు దగ్గరగా వేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లాప్‌టాప్‌లో స్టిక్స్ అనే వీడియో గేమ్ తెరిచాను. ‘స్టిక్స్: మాస్టర్ ఆఫ్ షాడోస్’ అని దాని పూర్తి పేరు. ఫ్రాన్స్‌కి చెందిన సయనైడ్ అనే స్టూడియో చేసిన ఆట, 2014 అక్టోబరులో వచ్చింది. మూడు వారాలుగా ఆడుతున్నాను. దాని గురించి ఎక్కడైనా రాసుకోవాలని చాలా రోజుల నుంచి ఉంది.

ఆటలో మనం నడిపే స్టిక్స్ ఒక గాబ్లిన్, పాశ్చాత్య కథల్లో వచ్చే మరుగుజ్జు భూతం లాంటివాడు. ఆకుపచ్చ చర్మం, పెద్ద చెవులు, మనుషుల పక్కన నిలబడితే చిన్నపిల్లాడంత ఉంటాడు. వయసు మాత్రం రెండొందల పైమాటే. ప్రపంచవృక్షం అనే ఒక మహావృక్షం చుట్టూ మనుషులు, ఎల్ఫులు అనే ఇంకో కల్పిత జాతివాళ్ళు కలిసి కట్టిన అకెనాష్ అనే బ్రహ్మాండమైన కట్టడం ఉంటుంది. ఆ చెట్టులోంచి ఆంబర్ అనే బంగారు రంగు ద్రవం ఊరుతుంది, దాని కోసమే అందరి ఆరాటం. ఆ చెట్టు గుండెనే దొంగిలించాలని స్టిక్స్ లోపలికి దూరతాడు. సైనికులున్నారు, విల్లులవాళ్ళున్నారు, కత్తితో పొడిచినా దిగని ఇనుపకవచాల వాళ్ళున్నారు, కళ్ళు లేకపోయినా చిన్న అలికిడికి మీదికి దూకే పురుగులున్నాయి. వీళ్ళలో ఎవరి ఎదురుగా వెళ్ళినా వాడికి చావే.

నాకు నచ్చింది అదే. చాలా ఆటల్లో మన పాత్ర మొదట బలహీనంగా ఉండి, పోనుపోను బలపడుతుంది. చివరికి పదిమందిని ఒక్క వేటుకి పడగొడుతుంది. స్టిక్స్ మొదటినుంచి చివరిదాకా చిన్నవాడే. నైపుణ్యాలు పెరుగుతాయి కానీ ఒడ్డూ పొడుగూ పెరగవు. గది గుమ్మం దగ్గర బల్ల కింద కూర్చుని, ఎవడు ఎటు తిరుగుతున్నాడు, ఎవడు ఎక్కడ ఆగి ఆవలిస్తున్నాడు, ఏ కాగడా ఆర్పితే ఎంత మేర చీకటి పడుతుంది అని లెక్క వేసుకుంటూ పది నిమిషాలు ఉండిపోతాను. ఆ పది నిమిషాల్లో తెర మీద ఏమీ జరగదు. నాకు మాత్రం గుండె కొట్టుకునేది వినిపిస్తుంది.

వాడి దగ్గర ఉన్న విద్యల్లో అన్నిటికన్నా గొప్పది ఇంకొకటుంది. ఆంబర్ ఖర్చు పెట్టి, తన లోంచి తనలాంటి వాడినే ఒకడిని కక్కుతాడు. కక్కడమే, వేరే మాట లేదు. ఆ ప్రతిరూపాన్ని మనం నడపొచ్చు. ఊచల మధ్య నుంచి దూరి అవతలి మీట లాగిస్తాం. బీరువాలో దాచి, పక్కనుంచి పోయే సైనికుడిని లోపలికి లాగిస్తాం. అవసరమైతే వాడిని పొగగా పేల్చేసి ఆ పొగలో మనం దాటిపోతాం. వాడు ఒక్క దెబ్బకే పోతాడు, పోయినా మనకేం కాదు.

ఇది చూసిన మొదటి రోజే నాకు నాన్న గుర్తొచ్చారు. చీరాలలో మా ఇంటి అరుగు మీద, వేసవిలో కరెంటు పోయిన రాత్రుళ్ళు, నాన్న మాకు శర్విలకుడి కథ చెప్పేవారు. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో మూడో అంకం అది. శర్విలకుడు బ్రాహ్మణుడు, దొంగతనం శాస్త్రంగా చదువుకున్నవాడు. చారుదత్తుడి ఇంటి గోడ ముందు నిలబడి, ఏ ఆకారంలో కన్నం వేస్తే రేపు పొద్దున చూసినవాళ్ళు మెచ్చుకుంటారా అని ఆలోచిస్తాడు. చివరికి పూర్ణకుంభం ఆకారం ఖాయం చేసుకుంటాడు. కొలతాడు మరిచిపోయి వస్తే జంధ్యంతో కొలుస్తాడు. కన్నం పూర్తయ్యాక వెంటనే లోపలికి దూరడు, ముందు ఒక బొమ్మమనిషిని దూరుస్తాడు. లోపల ఎవరైనా కాచుకుని ఉంటే దెబ్బ బొమ్మకి తగలాలని. ఆ తర్వాత దీపం ఆర్పడానికి ఒక పురుగుని వదులుతాడు. నాన్న ఈ భాగం చెప్పేటప్పుడు చేతిని పురుగులా ఆడించి లాంతరు వత్తి తగ్గించేవారు. తమ్ముడు ప్రతిసారీ నా చెయ్యి పట్టుకునేవాడు.

బొమ్మమనిషి, దీపం ఆర్పడం, నిద్రపోతున్నవాడి ఊపిరి వినడం. నేను బెంగళూరులో మూడో అంతస్తులో కూర్చుని ఇసుక విసిరి కాగడా ఆర్పుతుంటే, ఇదంతా నాకు ఎప్పుడో చెప్పినదే కదా అనిపిస్తుంది. ఈ రకం ఆటలకి పెద్దదిక్కు అని చెప్పుకునే ‘థీఫ్’ 1998లో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ చేసింది. అందులో తెర అడుగున ఒక మణి ఉంటుంది, మనం ఎంత వెలుతురులో ఉన్నామో అది చెబుతుంది. తివాచీ మీద నడిస్తే ఒక శబ్దం, రాతి పలకల మీద ఇంకొకటి, ఇనుము మీద నడిస్తే ఊరంతా లేస్తుంది. స్టిక్స్ ఆ వంశంవాడే. కాకపోతే థీఫ్‌లో భయం ఎక్కువ, ఇక్కడ ఎత్తు ఎక్కువ. దూలాల మీంచి, బాల్కనీల అంచుల మీంచి, పైకప్పు కింద వేలాడే గొలుసుల మీంచి వెళ్తుంటే కింద సైనికులు చీమల్లా కనిపిస్తారు. ఒక గదిలోకి మూడు దారులుంటాయి, మూడూ నిజమైన దారులే. ఇది కట్టినవాళ్ళు కూర్చుని ఎంత ఆలోచించి ఉంటారో అని తలుచుకుంటే గౌరవం కలుగుతుంది.

ఇవాళ వచ్చిన చోట సైనికులు పడుకునే గది ఉంది. వరసగా మంచాలు. ఆటలో మనిషిని చంపడానికి రెండు పద్ధతులు. గబుక్కున పొడిస్తే చప్పుడవుతుంది. నోరు మూసి నెమ్మదిగా చంపితే చప్పుడు కాదు కానీ సమయం పడుతుంది, ఆ సమయంలో ఎవడైనా తిరిగి చూస్తే అంతే. నిద్రపోతున్నవాళ్ళని చంపడం తేలిక. నేను మొదటి మంచం దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎవరినీ ముట్టుకోకుండా, మంచాల మధ్య నుంచి వంగి వంగి అవతలి తలుపు దాకా వెళ్ళాను. ఎవరినీ చంపకుండా ఒక ఘట్టం పూర్తి చేస్తే ఆట ప్రత్యేకంగా పతకం ఇస్తుంది, అది కూడా మంచి ఆలోచనే. ఇవాళ మాత్రం పతకం కోసం చేయలేదు.

ఆ తలుపు అవతల జరిగినదానికే నాకు కోపం వచ్చింది. మలుపులో ఒక కాపలావాడు చూశాడు, దగ్గరగా ఉన్నాడు. అంతే, ఆట నన్ను పట్టుకుని వాడి ఎదురుగా నిలబెట్టేసింది. ఇక పారిపోవడానికి లేదు. వాడు కత్తి ఎత్తిన క్షణానికి సరిగ్గా మీట నొక్కి కాచుకోవాలి, అలా రెండు మూడు సార్లు కాచుకున్నాక పొడవాలి. అప్పటిదాకా నేను నేర్చుకున్న ఓపిక, చీకటి లెక్క, దారుల జ్ఞాపకం అన్నీ పక్కకి పోయి, చేతివేలి వేగం ఒక్కటే మిగిలింది. పైగా ఆ పోరు మొద్దుగా ఉంటుంది. రెండోవాడు వచ్చాడంటే కాచుకున్నా ఉపయోగం లేదు. నువ్వు చిన్నవాడివి, ఎదురుపడకు, తప్పుకుపో అని మూడు వారాలు నాకు నేర్పిన ఆటే, తీరా అవసరం వచ్చినప్పుడు తప్పుకుపోయే దారి మూసేసింది. కష్టంగా ఉందని నేను అనడం లేదు. తన మాట మీద తనే నిలబడలేదని అంటున్నాను.

తమ్ముడు మూడింటికి లేచాడు. కళ్ళు నులుముకుంటూ వచ్చి నా వెనక మంచం మీద కూర్చున్నాడు.

“ఏంటక్కా, ఇంకా ఆ పచ్చోడేనా?”

“అన్నం తిను ముందు. మెంతికూర పప్పు ఉంది.”

“తింటాగానీ, వాడొక్కడే కదా. వెళ్ళి పొడిచెయ్యొచ్చుగా!”

వాడికి తుపాకుల ఆటలు అలవాటు. నేను చెప్పాను, ఇందులో గెలవడమంటే నేను వచ్చి వెళ్ళిన సంగతి ఎవరికీ తెలియకపోవడమేరా అని. వాడు కాసేపు చూశాడు. ఒక సైనికుడు తాగే నీళ్ళలో విషం కలిపి, దూలం ఎక్కి కూర్చున్నాను. వాడు నడిచి వచ్చాడు, ఆగాడు, మళ్ళీ నడిచాడు, ఇంకా తాగలేదు. తమ్ముడు మాట్లాడటం మానేశాడు. వాడు తాగేసరికి మా ఇద్దరి నోటి నుంచీ ఒకేసారి ఊపిరి వచ్చింది. “ఇది శర్విలకుడి కథలా ఉందే” అన్నాడు తమ్ముడు. నేనేమీ చెప్పలేదు వాడికి ఆ సంగతి. వాడికి అప్పుడు ఆరేళ్ళు.

ఆ తర్వాత వాడే కంట్రోలర్ తీసుకున్నాడు. ఒక గొలుసు నుంచి ఇంకో గొలుసుకి దూకబోయి పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. మూడోసారి కూడా. “నేను సరిగ్గానే దూకానక్కా” అన్నాడు, వాడిది తప్పు కాదు. దూకడం ఈ ఆటలో నమ్మదగ్గ పని కాదు. అంచు అందుకోవలసిన చోట అందుకోడు, అవసరం లేని చోట పట్టుకుని వేలాడతాడు. ఇంత ఎత్తులు పెట్టిన ఆటలో కాలు నిలిచే నమ్మకం లేకపోతే ఎలా? ఎప్పటికప్పుడు సేవ్ చేసుకునే వీలుంది కాబట్టి సరిపోయింది. కానీ ప్రతి నాలుగడుగులకీ సేవ్ చేసుకుంటూ పోతే ఆ బిగువు కాస్తా సడలిపోతుంది. నేను మాత్రం గదికి ఒక్కసారే అని పెట్టుకున్నాను.

ఇంకో లోపం ఉంది, అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. సగం ఆట అయ్యాక, మొదట దాటొచ్చిన చోట్లకే మళ్ళీ వెనక్కి పంపుతారు. కాపలావాళ్ళ చోట్లు మారతాయి, కొన్ని తలుపులు మూసి ఉంటాయి, అంతే. కథలో దానికి కారణం ఉంది, స్టిక్స్ ఎవరు అన్నదాని చుట్టూ ఒక మంచి మలుపు కూడా ఉంది, అది చెప్పను. కానీ కారణం ఉన్నంత మాత్రాన కొత్తదనం రాదు. తెలియని ఇంట్లో దీపం ఎక్కడుందో వెతుక్కోవడంలో ఉన్న ఆనందం, అదే ఇంట్లో రెండోసారి ఉండదు. మొదటి సగం అంత ప్రేమగా కట్టినవాళ్ళు రెండో సగానికి వచ్చేసరికి డబ్బో సమయమో చాలక ఆగిపోయారేమో అని నాకనిపిస్తుంది. 2017లో వచ్చిన రెండో భాగం ఇంకా ఆడలేదు. ఇద్దరు కలిసి ఆడే వీలు అందులో ఉందట, తమ్ముడితో అది ఆడాలి.

సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. వాడు స్నానం చేస్తుండగా నేను ఒక పని చేశాను. ఆటని మళ్ళీ మొదటినుంచి, గాబ్లిన్ అనే అన్నిటికన్నా కఠినమైన స్థాయిలో మొదలుపెట్టాను. ఆ స్థాయిలో కాచుకోవడం అనేదే లేదు. కత్తికి దొరికితే చచ్చిపోతాం. ఆ వికారమైన ద్వంద్వయుద్ధం మొత్తం మాయం! మొదటి ఘట్టంలో ఏడుసార్లు చచ్చిపోయాను, ఏడుసార్లూ న్యాయంగానే అనిపించింది. దారి తప్పు లెక్క వేశాను కాబట్టి పోయాను. ఈ ఆట ఇలాగే పుట్టి ఉండాలి. దీన్ని మొదటే ఎంచుకోమని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మొదటిసారి ఆడేవాళ్ళు ఎవరూ పట్టికలో చివరిది ఎంచుకోరు కదా.

ఎనిమిదిన్నరకి కింద క్యాబ్ హారన్ కొట్టింది. తమ్ముడు డబ్బా సంచిలో పెట్టుకుని, “అక్కా, ఆ గొలుసుల దగ్గర నేనొచ్చేదాకా ఆగు” అని చెప్పి దిగిపోయాడు. రైల్వే గేటు వేసి ఉన్నట్టుంది, కాసేపు వీధి పొడుగునా హారన్లు వినిపించాయి.

హాల్లో పరుపు చుట్టి గోడకి ఆనించాను. రేపటికి కందిపప్పు కడిగి కుక్కర్‌లో వేసి, స్టవ్ వెలిగించి, మూడు విజిల్స్ వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను.