మాధవధార గెడ్డలోంచి అప్పన్న దగ్గరికి

సింహాచలం వెళ్ళడం అంటే మా ఇంట్లో ఒకటే లెక్క. కొండదిగువ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి కొండ మీదకి ఇంకో బస్సు, క్యూలైను, పులిహోర. మేముండేది కొండకి ఇవతల, విశాఖపట్నంలో మురళీనగర్ వైపు. "కొండకి ఈ పక్కన ఇల్లు పెట్టుకుని, ఆ పక్కనున్న దేవుడికోసం ఊరంతా చుట్టి వెళ్తావేంట్రా" అని మా బావ ఎప్పట్నుంచో ఎత్తిపొడుస్తున్నాడు. ఆయన విజయనగరంలో సోషల్ మాస్టారు. కిందటి అక్టోబరు చివర్లో సెలవు పెట్టి మరీ వచ్చాడు, ఇక తప్పలేదు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కూడా బయల్దేరింది.

ఆరున్నరకి మాధవధారలో ఉన్నాం. మాధవస్వామి గుడి దగ్గర కొండలోంచి వచ్చే ధారలో మొహం కడుక్కుని, మెట్లెక్కడం మొదలుపెట్టాం. పేరుకి మెట్లే గానీ, ఒకటి జానెడు ఎత్తుంటే ఇంకొకటి మోకాలు దాకా ఉంటుంది. కొన్నిచోట్ల వానకి మట్టి కొట్టుకుపోయి రాళ్ళు ఊగుతున్నాయి. అరగంటకే నాకు ఆయాసం. బావ మాత్రం పాఠం మొదలెట్టాడు: గుడిలో 1098 నాటి కులోత్తుంగ చోళుడి కాలపు శాసనం ఉందనీ, కృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికొచ్చాడనీ. "రాయలవారు ఏనుగెక్కి వచ్చుంటారు, నేను కాలినడకన వస్తున్నా" అన్నాను.

తప్పు ఎక్కడ చేశామంటే, నీళ్ళ చప్పుడు వినబడ్డ చోట. మెట్లు ఎడమకి తిరిగాయి. మేము కుడివైపు గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దిగిపోయాం. రెండు కొండల మధ్య ఇరుకు లోయ, దాన్నిండా గదంత బండలు, వాటి సందుల్లోంచి చీలమండ లోతు నీళ్ళు. వానలు వెళ్ళి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి ఇంకా పారుతున్నాయి. చేతులూ కాళ్ళూ కలిపి పాకుతూ పైకి పోయాం. ఆ గంటసేపు మటుకు నేను ఈ ఊళ్ళో ఉన్నట్టే అనిపించలేదు. హైవే మోత లేదు, ఫోనుకి సిగ్నల్ లేదు.

మా అమ్మాయి ఒక బండని గోకి, "నాన్నా, దీన్లో దానిమ్మ గింజల్లా ఏవో ఉన్నాయి" అంది. అవి గార్నెట్లనే ఎర్రటి ఖనిజపు గింజలు. ఈ రాయి పేరు ఖొండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో పెట్టారు. కోణార్క గుడికి వాడిందీ ఈ జాతి రాయేనట, అది బావ మాట. ఎండకీ వానకీ ఇది పగిలి, నెర్రెలిచ్చి, లోపలికంటా మెత్తబడుతుంది. ఆ నెర్రెల్లోకి దిగిన వాన నీరే ఆలస్యంగా బయటికొచ్చి ఇటు మాధవధార, అటు గంగధార అవుతుంది. విడిపోయిన ఎర్రగింజలు గెడ్డల వెంట సముద్రం దాకా పోతాయి. భీమిలి వైపు తీరంలో ఇసుక అక్కడక్కడ ఎర్రచారలుగా కనబడేది అందుకే. ఇన్నేళ్ళు బీచిలో కూర్చుని ఆ ఎరుపుని చూశాను గానీ, అది ఎక్కణ్ణించి వచ్చిందా అని ఒక్కసారీ అనుకోలేదు.

ఇంతలో రెండు నిలువుల ఎత్తు నున్నటి బండ అడ్డమొచ్చింది. పాచి పట్టి ఉంది. ఎక్కబోయి జారాను. నాకేం కాలేదు గానీ, అటక మీంచి తీసిన పాతబూటు అట్ట నోరు తెరుచుకుంది. బావ సంచి తాడు తెంపి కట్టుకట్టాడు. నిజం చెప్పాలంటే అప్పుడు టెన్షన్ మొదలైంది. ఈ కొండల వరసలోనే అవతల కంబాలకొండ అభయారణ్యం, డెబ్భై చదరపు కిలోమీటర్ల అడవి, చిరుతలున్న చోటు. నేను పైకి అనలేదు. మా అమ్మాయే అంది.

పైనెక్కడో గట్టు మీంచి సీతాఫలాల గంపతో ఒక ముసలామె మమ్మల్ని చూసి కేకేసింది. "ఏటి బాబూ, గెడ్డమ్మట ఎల్తన్నారేటి? అటు దారి నేదు. ఎనక్కెల్లి మెట్లు ఎక్కండి." వెనక్కి దిగడం ఎక్కడం కంటే కష్టం. చాలామటుకు కూర్చునే దిగాం. ఆమె మెట్ల దగ్గర మాకోసం ఆగింది. యాభై రూపాయలకి తొమ్మిది కాయలిచ్చింది. అంత తియ్యటివి రైతుబజారులో నాకెప్పుడూ దొరకలేదు.

శిఖరం మీదికి చేరేసరికి పదిన్నర. ఒకపక్క విమానాల రన్‌వే, ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనక సముద్రం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఈ కొండలు గుండు గీసినట్టు ఎలా ఉండేవో నాకు గుర్తే. ఇప్పుడు చెట్ల మధ్య నీడకి చోటు వెతుక్కోనక్కర్లేదు. రెండోపక్క, చాలా కిందుగా, అప్పన్న గుడి గోపురం. నేనెప్పుడూ తలెత్తి చూసిన గోపురాన్ని తల వంచి చూడటం అదే మొదలు.

దిగడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, మోకాళ్ళు తప్ప. గంగధారలో తల తడుపుకుని గుడి దగ్గరికి చేరాం. చెప్పుల స్టాండులో కుర్రాడు బూట్లందుకుని, తాడు కట్టున్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి టోకెన్ ఎందుకు సార్," అన్నాడు, "ఎవులూ ఎత్తుకెల్లరు."