ఫిన్స్‌బరీ పార్క్ షెడ్డు

లండన్‌లో మా అమ్మాయి దగ్గరున్న నెల రోజులూ, కింగ్స్ క్రాస్ నుంచి రైలెక్కినప్పుడల్లా ఫిన్స్‌బరీ పార్క్ రాగానే కిటికీకి అతుక్కుపోయేవాణ్ణి. కాజీపేట డీజిల్ షెడ్డులో, అంటే రైలింజన్లు బాగుచేసే చోట, ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఫిన్స్‌బరీ పార్క్‌లోనూ అలాంటి షెడ్డు ఉండేదని తెలిశాక మనసు ఆగుతుందా? ఇళ్లు, చెట్లు తప్ప ఏమీ కనపడలేదు.

మెయిన్‌లైన్ డీజిల్ లోకోల (రైలింజన్ల) కోసమే బ్రిటన్‌లో కట్టిన మొదటి షెడ్డు అది. 1960లో తెరిచారు. బొగ్గు ఇంజన్ల మసిలో, బూడిదలో డీజిల్ పని సాగదు. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్‌లో నలుసంత దుమ్ము పడినా చాలు, మొదటికొస్తుంది.

ఆ షెడ్డు పేరు చెబితే గుర్తొచ్చేవి డెల్టిక్‌లు అనే డీజిల్ లోకోలు. 55 ఆవిరి ఇంజన్లు లాగే బళ్లను 22 డెల్టిక్‌లకు అప్పజెప్పారు. అందులో 8 ఈ షెడ్డువి. అన్నిటికీ పందెం గుర్రాల పేర్లే: సెయింట్ ప్యాడీ, మెల్డ్, పింజా, ఆలిసిడాన్, క్రెపెల్లో, టుల్యార్, బాలిమాస్, నింబస్.

ఒక్కో లోకోలో రెండు నేపియర్ కంపెనీ ఇంజన్లు, మొత్తం 3300 హార్స్‌పవర్. మా కాజీపేట డబ్ల్యూడీఎం-2 లోకోది 2600. నన్ను కట్టిపడేసింది మాత్రం పవర్ కాదు, దాని పొట్టలోని అమరిక. త్రికోణం మూడు మూలల్లో, పిస్టన్ల కదలికతో తిరిగే మూడు క్రాంక్‌షాఫ్టులు. ఒక్కో సిలిండర్‌లో రెండు పిస్టన్లు ఎదురెదురుగా వచ్చి మధ్యలో గాలిని నొక్కుతాయి. అంటే సిలిండర్‌కు మూతలాంటి హెడ్డే లేదు! మా లోకోల్లోని ఆల్కో ఇంజన్ హెడ్డులు విప్పుతూ, బిగిస్తూ బతికిన నాకు ఆ అమరిక బొమ్మ చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజన్‌లో పెద్ద లోపం వస్తే షెడ్డులో విప్పుతూ కూర్చునేవారు కాదు. మొత్తంగా పైకెత్తి, వేరేది దింపి, పాతదాన్ని వర్క్‌షాపుకు పంపేవారు. దారిలో ఒక ఇంజన్ ఆగినా రెండోదానితో బండి నడిచేది.

1978లో హైస్పీడ్ రైళ్లు రావడంతో డెల్టిక్‌ల రోజులు దగ్గరపడ్డాయి. ఆ మరుసటి ఏడాదే, 1979లో, ఈ షెడ్డువాళ్లు తమ లోకోల్లో డ్రైవర్ కూర్చునే క్యాబ్ కిటికీల చుట్టూ తెల్లరంగు వేశారు. ఎంత దూరం నుంచి చూసినా 'మన షెడ్డు బండి' అని తెలియాలి కదా! ఫొటోలో ఆ తెల్లటి అంచు చూడగానే మా దసరా ఆయుధపూజ కళ్లముందు మెదిలింది. లోకోను కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాక మా చేతులకు రెండు రోజుల పాటు డీజిల్, పసుపు కలిసిన వాసన.

సెయింట్ ప్యాడీ, నింబస్ 1980 జనవరిలోనే పక్కకు పోయాయి. చివరిదాకా మిగిలినవి 1981లో యార్క్ షెడ్డుకు మారాయి. 1982 జనవరి 2న డెల్టిక్‌ల ఆఖరి ప్రయాణం. 1983లో షెడ్డూ మూతపడింది.

ఆ ఎనిమిదింటిలో ఆలిసిడాన్, టుల్యార్ ఇప్పటికీ ఉన్నాయి. అభిమానులు కాపాడుకున్నారు. మళ్లీ లండన్ వెళితే ఆలిసిడాన్‌ను చూపించమని అల్లుడిగారిని ఇప్పుడే అడిగి పెట్టాను.