కాలిఫోర్నియా ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ పరీక్షకి నేనూ నా ఐరిష్ ఫ్రెండూ ఎలా చదివాం

కాలిఫోర్నియాలో ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ కోసం చదువుతున్న మన తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ నా ఫ్రెండూ కలిసి చదివాం, ఇద్దరం పాసయ్యాం. కానీ ఇందులో ఎక్కువగా వాడి గురించే ఉంటుంది, ఎందుకంటే ఈ పరీక్షకి ఎలా చదవాలో నాకు తెలిసింది వాడి దగ్గరే. వాడి పేరు రాయను. మిగతాదంతా వాణ్ణి అడిగి, సరే అన్నాకే రాస్తున్నాను.

వాడు పుట్టి పెరిగింది శాన్ ఫ్రాన్సిస్కోలో సన్‌సెట్ అనే పేటలో, ఐరిష్ కుటుంబంలో. తాతగారు ఐర్లండ్‌లోని రాస్‌కామన్ నుంచి వచ్చి బిల్డింగ్ పనుల్లో స్థిరపడ్డారు, పెదనాన్న పోలీసు. ఆ ఊళ్ళో పోలీసు, ఫైర్ డిపార్ట్‌మెంట్లలో ఐరిష్ వాళ్ళు తరతరాలుగా ఉన్నారు కాబట్టి వీడూ అటే వెళ్తాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. వీడు గే. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2015 మే 22న ఐర్లండ్‌లో స్వలింగ వివాహాల మీద రెఫరెండం పెడితే 62 శాతం మంది ఒప్పుకున్నారు, 43 నియోజకవర్గాల్లో కాదన్నది ఒక్కటే, రాస్‌కామన్–సౌత్ లీట్రిమ్. అంటే సరిగ్గా వాళ్ళ చుట్టాలున్న చోటు. ఫలితాలు వచ్చిన రోజు భోజనాల దగ్గర ఎవరూ ఆ ఊసే ఎత్తలేదట, నాన్నమ్మ మాత్రం వీడి ప్లేట్లో ఇంకో బ్రెడ్ ముక్క వేసి వెన్న రాసి పెట్టిందట. ఆవిడకి తెలుసని వీడికి అర్థమైంది ఆ రోజే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎవరికి ఎంత తెలుసు, ఎవరి ముందు ఏ మాట అనకూడదు అని చిన్నప్పటి నుంచీ లెక్క చూసుకుంటూ పెరిగినవాడికి ఈ సిలబస్ సగం ముందే వచ్చేసినట్టు. ఈ పరీక్ష ఎలా పట్టుకోవాలి, ఎలా వెంబడించాలి అని పెద్దగా అడగదు. ఎక్కడ ఆగాలి అని అడుగుతుంది.

ముందు అర్హతల సంగతి త్వరగా చెప్పేస్తాను. 18 ఏళ్ళు నిండాలి. జీతం తీసుకుని చేసిన ఇన్వెస్టిగేషన్ పని మూడేళ్ళు, అంటే 6,000 గంటలు చూపించాలి. లా డిగ్రీ గానీ పోలీస్ సైన్స్‌లో నాలుగేళ్ళ డిగ్రీ గానీ ఉంటే 4,000 గంటలు చాలు. కోర్టు కాగితాలు అందించే పని, ఉత్త రికార్డులు వెతికే పని ఈ లెక్కలోకి రావు, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. గంటల సర్టిఫికెట్ మీద మీ యజమాని సంతకం కావాలి కాబట్టి ఉద్యోగం మారేటప్పుడే అడిగి తీసుకోండి. వీసా మీద ఉన్నవాళ్ళు ముందు లాయర్‌తో మాట్లాడండి.

ఇక చదువు. నేను మొదట్లో సెక్షన్లన్నీ వరసగా బట్టీ కొట్టడం మొదలుపెట్టాను. వాడి పద్ధతి వేరు, ప్రతి సెక్షన్ పక్కనా ఒక మనిషిని పెట్టుకుంటాడు. ఉదాహరణకి కాలిఫోర్నియా పీనల్ కోడ్ 632, అంటే ఆంతరంగిక సంభాషణని అందులో ఉన్నవాళ్ళందరూ ఒప్పుకుంటే తప్ప రికార్డు చేయకూడదు. దానికి హాల్ లిప్‌సెట్ అనే శాన్ ఫ్రాన్సిస్కో డిటెక్టివ్‌ని గుర్తుపెట్టుకున్నాడు. మార్టినీ గ్లాసులోని ఆలివ్ కాయలో మైకు దాచవచ్చని 1965లో సెనేట్ సబ్‌కమిటీకి చూపించింది ఆయనే. ఈ 632 ఉన్న కాలిఫోర్నియా ప్రైవసీ చట్టం 1967లో వచ్చింది. ఈ రెండూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే 632 ఇంక మర్చిపోరు.

డ్రైవింగ్ లైసెన్స్ రికార్డుల దగ్గర రెబెకా షేఫర్. 21 ఏళ్ళ నటి. ఒక ఉన్మాది అరిజోనాలో డిటెక్టివ్‌కి డబ్బులిచ్చి డీఎంవీ (వాహనాలు, లైసెన్సుల శాఖ) నుంచి ఆమె అడ్రస్ తెప్పించుకుని, 1989 జులైలో లాస్ ఏంజెలస్‌లో ఆమె గుమ్మంలోనే కాల్చి చంపాడు. 1994లో డ్రైవర్ల రికార్డులకి ఫెడరల్ రక్షణ చట్టం వచ్చింది. క్లయింట్ అడ్రస్ ఎందుకు అడుగుతున్నాడో కనుక్కోకుండా ఇచ్చేస్తే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పాల్సిన పని లేదు.

కానీ వాడు ఎక్కువసేపు ఆగిపోయింది ఆలివర్ సిపుల్ దగ్గర. 1975 సెప్టెంబర్ 22న శాన్ ఫ్రాన్సిస్కోలోని సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ బయట ప్రెసిడెంట్ ఫోర్డ్ మీద కాల్పులు జరిపిన ఆవిడ చేతిని ఒడిసిపట్టుకున్న మాజీ మెరీన్ సైనికుడు ఈయనే. ఆయన గే అని పత్రికలు రాసేశాయి. డెట్రాయిట్‌లో ఉన్న తల్లిదండ్రులకి అప్పటిదాకా తెలీదు, కుటుంబం దూరమైంది. దావా వేశాడు, 1984లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంతోమందికి ముందే తెలిసిన విషయం కాబట్టి అది రహస్యం కాదంది కోర్టు. "ఊరందరికీ తెలిసినా అమ్మకి తెలీదు కదా" అన్నాడు మావాడు, పుస్తకం మూసేసి బయటికి వెళ్ళి కాసేపటికి వచ్చాడు. ఇది సిలబస్‌లో లేదు. అయినా సేకరించిన సమాచారాన్ని క్లయింట్ చెబితేనో చట్టం అడిగితేనో తప్ప మూడోవాడికి చెప్పకూడదనే 7539 సెక్షన్ నాకు నిజంగా ఎక్కింది ఆ సాయంత్రమే.

ప్రాక్టీసుకి వాడు కల్పిత కేసులు రాసేవాడు. ఒకటి చెబుతాను. భుజం నొప్పి అని ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసిన మనిషిని గమనించాలి. ఉదయం 7:42కి బయటికొచ్చాడు, ఇంకో మగవాడికి ముద్దిచ్చాడు, కుడి చేత్తో పెద్ద సంచి ఎత్తి ట్రక్కులో పెట్టాడు. రిపోర్టులో ఏం రాస్తారు? సంచి, చెయ్యి, టైము. అంతే. అడిగింది భుజం గురించి.

మనవాళ్ళకి ఇది ఇంకా దగ్గర విషయం. లైసెన్స్ వస్తే మీకు ఫ్రీమాంట్ నుంచో, హైదరాబాద్ నుంచో పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు తప్పకుండా వస్తాయి. అబ్బాయికి పాత పెళ్ళి ఉందా, కోర్టు కేసులున్నాయా అంటే పబ్లిక్ రికార్డులు చూసి చెప్పవచ్చు. "అబ్బాయి అలాంటివాడేమో చూడండి" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళూ ఉంటారు. ఆ పని నేను తీసుకోను. పెళ్ళికూతురి జీవితం నాశనం కాకూడదన్నది నిజమే, ఆ అమ్మాయి తరఫున ఆ అబ్బాయినే కూర్చోబెట్టి అడిగే దారి ఉంది, వాడి వెనకాల కారు వేసుకుని తిరగడం దారి కాదు. ఇండియాలో డిటెక్టివ్ ఏజెన్సీల బిల్లు 2007లో రాజ్యసభలో పెట్టారు గానీ చట్టం కాలేదు, అందుకే మనవాళ్ళకి ఈ పనికి హద్దులుంటాయని అలవాటు లేదు. ఇక్కడ లైసెన్స్ లేకుండా డబ్బు తీసుకుని ఇదే ఎంక్వైరీ చేస్తే 5,000 డాలర్ల జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

జీపీఎస్ ప్రశ్నలు జాగ్రత్తగా చదవండి. పీనల్ కోడ్ 637.7 ప్రకారం బండి ఓనరు ఒప్పుకోవాలి. భార్య పేరు మీదున్న కారుకి ట్రాకర్ పెట్టమని భర్త వస్తే కుదరదు, ఫీజు ఆయనే కడుతున్నా సరే.

పరీక్ష రెండు గంటలు, అన్నీ మల్టిపుల్ చాయిస్, కంప్యూటర్ మీద. టైము గురించి టెన్షన్ అక్కర్లేదు. రెండు జవాబులు సరైనవే అనిపిస్తే ఎదుటివాడి జోలికి తక్కువగా వెళ్ళేదాన్ని ముందు పరిశీలించండి, మాకు ప్రాక్టీసులో చాలాసార్లు అదే సరిపోయింది. తుపాకీకి వేరే పర్మిట్ ఉంటుంది, ఈ లైసెన్స్‌తో రాదు. లైవ్ స్కాన్ (కంప్యూటర్ మీద తీసే) వేలిముద్రల రసీదు దాచుకోండి.

వాడిప్పుడు నిందితుల తరఫు డిఫెన్స్ లాయర్ల కోసం సాక్షుల్ని వెతికే పని చేస్తున్నాడు. పోలీసు పెదనాన్నకి అది అంత నచ్చలేదు, కానీ లైసెన్స్ వచ్చిన రోజు ఫోన్ చేసి అభినందించాడట. గంటల సర్టిఫికెట్ ఎలా రాయించుకోవాలో డౌట్ ఉన్నవాళ్ళు అడగండి, మేం వాడిన నమూనా పంపిస్తాను.