వెలుతురు కాదు, ఆక్సిజన్

మా అక్క కొడుకు 30 వారాలకే పుట్టాడు. పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకొచ్చాం. కామెర్లకని నీలం లైట్ కింద పడుకోబెట్టి కళ్ళకు గంతలు కట్టారు. గంత పక్కకి జారినప్పుడల్లా నర్సమ్మ వేలికొనతో సర్దేది. అద్దంలోంచి అది చూసి మా అమ్మకి ఒకటే టెన్షన్. "ఇంత వెలుతురులో పిల్లాడి కళ్ళు ఏమైపోతాయే?"

ఈ అనుమానం డాక్టర్లకూ ఉండేది. అమెరికాలో నెలలు నిండని పిల్లలకు వెలుతురు ఆపే కళ్ళజోళ్ళు పెట్టి చూశారు. 1998లో ఫలితం వచ్చింది: ఆర్‌ఓపీ (నెలలు నిండని పిల్లల రెటీనాకి, అంటే కంటి వెనక పొరకి వచ్చే జబ్బు) ఏమీ తగ్గలేదు. గంతలు మాత్రం అవసరమే, నీలం లైట్ నేరుగా కంట్లో పడకూడదు కదా.

అసలు సంగతి రెటీనా రక్తనాళాలది. ముందే పుట్టిన బిడ్డలో అవి సగంలోనే ఉంటాయి. ఆక్సిజన్ ఎక్కువైతే ఎదుగుదల ఆగిపోతుంది, తర్వాత అడ్డదిడ్డంగా పెరుగుతాయి. ముదిరితే రెటీనా ఊడివస్తుంది. ఆక్సిజన్ తగ్గించేస్తే ప్రాణానికే ముప్పు. అందుకే పాదానికి కట్టిన ఆ చిన్న ఎర్ర లైటు చూపించే ఆక్సిజన్ అంకె మీద నర్సమ్మలకి అంత శ్రద్ధ.

నాకు బాధేసేది ఒక్కటే. బరువు పెరిగాడు, పాలు తాగుతున్నాడు అనగానే చాలామంది ఊరెళ్ళిపోతారు. కన్ను పైకి మామూలుగానే ఉంటుంది మరి! 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోలకు మించకపోయినా 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకైతే ఇంకా ముందే. వేళకి లేజర్ చేస్తే చాలామందికి చూపు నిలుస్తుంది.

గుణుపురం, రాయగడ వైపు మన వాళ్ళింట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, డిశ్చార్జ్ కాగితం మీద కంటి పరీక్ష తేదీ రాయించుకునే బయల్దేరండి.