క్రిప్టన్ బట్ట, కాన్సాస్ కుట్టు

సూపర్‌మ్యాన్ క్రిప్టన్ గ్రహంలో పుట్టాడని పిల్లలందరికీ తెలుసు. అతన్ని ఊహించిన ఊరు మాత్రం అమెరికాలో మేముండే క్లీవ్‌లాండ్. ఊరికి ఈశాన్యంగా గ్లెన్‌విల్ అనే పేట ఉంది. 1930లలో అక్కడ యూదుల కుటుంబాలు ఎక్కువగా ఉండేవి. గ్లెన్‌విల్ హైస్కూల్లో చదివిన జెర్రీ సీగెల్ కథ రాశాడు, అతని స్నేహితుడు జో షుస్టర్ బొమ్మలు గీశాడు. జెర్రీ తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వచ్చారు. జో తండ్రిది నెదర్లాండ్స్, తల్లిది ఉక్రెయిన్. జో టొరంటోలో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చాడు. జెర్రీ వాళ్ల నాన్నకు బట్టల కొట్టు ఉండేది, జో వాళ్ల నాన్న దర్జీ. 1932లో కొట్లో దొంగతనం జరుగుతుండగా జెర్రీ తండ్రి కుప్పకూలి చనిపోయాడు. తుపాకీ గుళ్లు తగిలినా ఏమీ కాని మనిషిని ఆ కొడుకు ఆ తర్వాతి ఏళ్లలోనే ఊహించాడు.

వలస వచ్చినవాళ్ల పిల్లలు రాసుకున్న కథ ఇదని తెలిశాక దాన్ని నేను వేరే కళ్లతో చదవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టి, రెండో తరగతి అక్కడే చదివి వచ్చింది. బాబు ఇక్కడే పుట్టాడు. కామిక్స్ పిచ్చి మొదట బాబుది. ఇప్పుడు ముగ్గురం చదువుతాం.

1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వచ్చిన కథ 13 పేజీలు. దానికి, దానితోపాటు సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నిటికీ కలిపి ఆ ఇద్దరికీ దక్కింది 130 డాలర్లు. ఎక్కడో ఒక గ్రహం నశించిపోతుంటే ఒక శాస్త్రవేత్త తన పసిబిడ్డను అంతరిక్ష నౌకలో పెట్టి భూమికి పంపిస్తాడు. దారిన పోయే ఎవరో చూసి అనాథాశ్రమంలో చేరుస్తారు. మొదటి సంచికలో అంతే, పెంచిన తల్లిదండ్రులు లేరు. 1939లో కెంట్ దంపతులు వచ్చారు. అదే ఏడాది మొదట్లో దినపత్రికల్లో వచ్చిన కథలో గ్రహానికి క్రిప్టన్ అన్న పేరు వచ్చింది, కన్న తల్లిదండ్రులకూ పేర్లు వచ్చాయి. అవే తర్వాత జోర్-ఎల్, లారా అయ్యాయి. బిడ్డ అసలు పేరు కాల్-ఎల్, కెంట్ ఇంట్లో క్లార్క్. పెంచినవాళ్ల పేర్లు జొనాథన్, మార్తా అని, వాళ్ల ఊరు స్మాల్‌విల్ అని, 1978 సినిమా తర్వాత అది కాన్సాస్ రాష్ట్రంలో ఉందని మెల్లమెల్లగా స్థిరపడ్డాయి.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. కథ మొదలైన పదకొండేళ్లకు, 1949లో గానీ సూపర్‌మ్యాన్‌కు తాను ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు. చదివే పిల్లలందరికీ తెలుసు, అతనికి తెలియదు! ఆ సంచికలో అతను కాలంలో వెనక్కి వెళ్లి, తన తల్లిదండ్రులను చూసి, అప్పుడు అర్థం చేసుకుంటాడు. అంతకాలం అతన్ని చూసుకున్నవాళ్లు ప్రేమగానే చూసుకున్నారు. తిండి పెట్టారు, మంచీ చెడూ చెప్పారు. ఎక్కడివాడో మాత్రం చెప్పలేకపోయారు, వాళ్లకూ తెలియదు కాబట్టి.

అతనికి తల్లిదండ్రులు రెండు జంటలు. ఎక్కడి నుంచి వచ్చావో చెప్పే పని ఒక జంటది. ఇక్కడ ఇరుగుపొరుగుతో ఎలా బతకాలో నేర్పే పని ఇంకో జంటది. మా ఇంట్లో ఈ రెండు పనులూ మేమే చేయాలి. పొద్దున బాబు బేస్‌బాల్ జట్టుకు స్నాక్స్ పట్టుకెళ్లి, ఆట మర్యాదలు వాడితోపాటు నేనూ నేర్చుకుంటాను. సాయంత్రం సీతమ్మ అత్తయ్య ఎవరో, తెనాలిలో మా ఇంటి వెనక కాలవ ఎక్కడికి పోతుందో చెబుతాను. ఒక్కరోజులోనే జోర్-ఎల్, మార్తా రెండు పాత్రలూ వేయడం అలసట. ఒకటి వదిలేస్తే సులువు కదా అని అనుకునే కుటుంబాలను చూశాను. ఏది వదిలినా పిల్లలు దాన్ని తర్వాత ఒంటరిగా వెతుక్కోవాల్సి వస్తుంది.

సూపర్‌మ్యాన్ దుస్తుల గురించి పాత కథల్లో ఒక వివరం ఉంది, నాకు చాలా ఇష్టం. క్రిప్టన్ నుంచి వచ్చిన నౌకలో బిడ్డకు చుట్టిన దుప్పట్లు ఉంటాయి. భూమ్మీద అవి చిరగవు, కాలవు. మార్తా ఆ దుప్పట్ల దారం విప్పి ఆ నీలం, ఎరుపు దుస్తులు తయారు చేస్తుంది. కత్తెరతో తెగకపోతే పిల్లాడే తన చూపు వేడితో దారం కోసిస్తాడు. బట్ట అక్కడిది, కుట్టింది ఇక్కడి అమ్మ, కోసుకున్నది తనే. ఒకరు దర్జీ కొడుకు, ఒకరు బట్టల కొట్టువాడి కొడుకు మొదలుపెట్టిన కథలో తర్వాతివాళ్లు ఇది చేర్చారంటే నాకు చాలా సంతోషం వేస్తుంది.

శక్తుల సంగతీ అంతే. మొదటి సంచికలో అతను ఎగరడు, దూకుతాడు. ఫర్లాంగు దూరం, ఇరవై అంతస్తుల ఎత్తు. చీమ తనకంటే ఎన్నో రెట్లు బరువు మోస్తుంది, మిడత అంత దూరం దూకుతుంది, అలాంటిదే ఇదీ అని ఆ పేజీలోనే వివరణ ఇచ్చారు. రేడియో నాటకాల్లో, 1941 నుంచి వచ్చిన కార్టూన్లలో ఎగరడం స్థిరపడింది. అప్పట్లో క్రిప్టన్ జనమంతా పుట్టుకతోనే బలవంతులు, అతని బలం వంశం నుంచి వచ్చింది. 1960లో దాన్ని మార్చారు. మన పసుపుపచ్చ సూర్యుడి వెలుగు వల్లే ఆ శక్తి అన్నారు. క్రిప్టన్‌లో ఎర్ర సూర్యుడి కింద ఉండిపోయి ఉంటే అతను మామూలు మనిషే. శరీరం అక్కడిది, వెలుగు ఇక్కడిది. మా పిల్లల చదువో పాటో ఎవరైనా మెచ్చుకుంటే, అంతా మన రక్తంలోనే ఉందనేవాళ్లు ఉంటారు, అంతా అమెరికా ఇచ్చిందేననేవాళ్లూ ఉంటారు. నేను 1960 లెక్కనే నమ్ముతాను.

ఇక క్రిప్టోనైట్. 1943లో రేడియోలో మొదలై, 1949లో కామిక్స్‌లోకి వచ్చింది. సూపర్‌మ్యాన్‌ను కూలదోసేది శత్రు దేశపు ఆయుధం కాదు, అతని సొంత గ్రహపు ముక్కే. ఇది తల్లిదండ్రులు కాస్త ఆగి ఆలోచించాల్సిన సంగతి. మన ఊళ్ల నుంచి వచ్చిన ప్రతిదీ పిల్లలకు బలం కాదు. ఒక పుట్టినరోజు పార్టీలో ఒకావిడ మా అమ్మాయిని ‘మీ ఇంటిపేరేంటమ్మా, మీరేమిట్లు?’ అని అడిగింది. పదమూడేళ్ల పిల్ల. ఇంకొకరు ఇద్దరు అక్కచెల్లెళ్లను పక్కపక్కన నిలబెట్టి రంగు పోల్చారు. మార్కుల పోలికలైతే చెప్పనక్కర్లేదు. సముద్రాలు దాటి మరీ వాటిని మోసుకురావాల్సిన పనేముంది? మా ఇంట్లో పాట, భాష, వంట, బంధువులు అన్నీ ఉంటాయి. కులం అడగడం ఉండదు, ఇంకెవరైనా అడిగితే పిల్లల ముందే మర్యాదగా ఆపుతాం.

మా పెద్దమ్మాయికి సూపర్‌మ్యాన్ కంటే అతని చిన్నాన్న కూతురు కారా అంటే ఇష్టం. సూపర్‌గర్ల్‌గా 1959లో వచ్చింది. కాల్-ఎల్ పసిబిడ్డగా వచ్చాడు, అతనికి క్రిప్టన్ గుర్తులేదు. కారా పదిహేనేళ్ల పిల్ల, పోయిన ఊరు మొత్తం ఆమెకు గుర్తుంది. ఒకే వంశం, ఒకే ప్రయాణం, కానీ ఇద్దరిదీ ఒకే దుఃఖం కాదు. బాబుకు తెనాలి అంటే సెలవులు, మామిడిపళ్లు. అమ్మాయికి హైదరాబాద్ అంటే తన బెంచీ, తన స్నేహితురాలు, వదిలొచ్చిన సైకిల్. ఒకే ఇంట్లో ఇద్దరినీ ఒకేలా పెంచాలనుకోవడం కుదరదని నాకు కారా కథ బాగా చూపించింది. ఆ పాత కథలో సూపర్‌మ్యాన్ ఆమెను తన ఇంట్లో ఉంచుకోడు. అనాథాశ్రమంలో చేర్చి, విగ్గు పెట్టుకొమ్మని, శక్తులు ఎవరికీ చూపించొద్దని చెబుతాడు. లోకానికి ఆమెను పరిచయం చేసేసరికి 1962. ‘వాడికంటే తనకే అన్నీ గుర్తున్నాయి కదమ్మా, మరి తననెందుకు దాక్కోమన్నాడు?’ అని అమ్మాయి ఇప్పటికీ కోపంగా అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ కోపం న్యాయమైనదే.

దాచుకోవడం గురించి మా ఇంట్లో ఎక్కువ మాట్లాడించిన పుస్తకం జీన్ లుయెన్ యాంగ్ రాసిన ‘సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్’. 2019లో మొదలై మూడు భాగాలుగా వచ్చింది. యాంగ్ కూడా వలస కుటుంబం నుంచి వచ్చినవాడే. నల్లవాళ్లను, వలస వచ్చినవాళ్లను ద్వేషించే తెల్లవాళ్ల ముఠా ‘కు క్లక్స్ క్లాన్’. అలాంటి ముఠాతో సూపర్‌మ్యాన్ తలపడిన రేడియో నాటకం 1946లో ఒకటి వచ్చింది, దాని ఆధారంగా రాశాడు. చైనా నుంచి వచ్చిన లీ కుటుంబం చైనాటౌన్ వదిలి మెట్రోపాలిస్‌లో కొత్త పేటకు మారుతుంది. తండ్రి ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమంటాడు. కొడుకు టామీ బేస్‌బాల్‌తో అందరిలో ఇట్టే కలిసిపోతాడు. కూతురు లాన్-షిన్, బయట రాబర్టా, కలవలేక ఇబ్బంది పడుతుంది. వాళ్ల ఇంటి ముందు శిలువ తగలబెడతారు.

ఆ కథలో సూపర్‌మ్యాన్ ఎగరడు. కరెంటు తీగల మీద పరుగెడతాడు. ఎగిరితే తాను ఈ లోకంవాడు కాదని జనం భయపడతారని, తనకే తెలియకుండా తన శక్తిని అణచుకున్నాడు. అది కనిపెట్టేది లాన్-షిన్. నువ్వు పూర్తిగా నువ్వులా లేవని అతనితో చెప్పగలిగిందంటే, తనూ అదే చేస్తోంది కాబట్టి.

ఆ భాగం బాబు గట్టిగా చదువుతుంటే మా మామయ్యగారు విన్నారు. ఆయన వేసవికి మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ‘ఇది జాంబవంతుడి మాటరా’ అన్నారు. సముద్రం ఒడ్డున వానరులంతా దిగులుగా కూర్చుంటే, ఆంజనేయుడు ఒక పక్కన మౌనంగా ఉంటాడు, తన బలం తనకు గుర్తులేదు. జాంబవంతుడు వచ్చి నువ్వెవరివో, చిన్నప్పుడు ఏం చేశావో చెబుతాడు. వింటూ వింటూ హనుమంతుడు పెరుగుతాడు. ఆ సాయంత్రం సుందరకాండకు ముందు వచ్చే ఆ భాగమంతా తాతయ్య చెప్పగా పిల్లలిద్దరూ విన్నారు. తర్వాత ఆయన 1980లో వచ్చిన ఎన్టీఆర్ సూపర్‌మ్యాన్ సినిమా సంగతి ఎత్తారు. అందులో హీరోకు శక్తులు వచ్చేది ఏ గ్రహం నుంచో కాదు, హనుమంతుడి వరం వల్ల. ‘మరి ఆయనకు క్రిప్టోనైట్ ఏది తాతయ్యా?’ అని బాబు అడిగాడు. ‘ఆంజనేయస్వామి ఇచ్చినదానికి విరుగుడు ఏముంటుందిరా నాన్నా’ అన్నారాయన. వాడికి ఆ జవాబు చాలా నచ్చింది.

క్లార్క్‌తోపాటు పత్రికలో పనిచేసే విలేకరి లోయిస్ లేన్ సంగతి అమ్మాయి పెద్దదవుతున్నకొద్దీ మా మాటల్లోకి వస్తోంది. 1938 నుంచీ ఆమె సూపర్‌మ్యాన్‌ను ఇష్టపడుతుంది, పక్క బల్ల దగ్గర కూర్చునే క్లార్క్‌ను పట్టించుకోదు. అసలు కథలో ఆ ఇద్దరూ తనేనని అతను నిజం చెప్పింది 1991లో, పెళ్లి 1996లో. అన్నేళ్లు ఒక సగాన్ని దాచి స్నేహం చేయడం ఎంత బరువో! ఇంటికొచ్చి మా అత్తగారి చేతి పులిహోర తిని, నాతో కబుర్లు చెప్పే స్నేహితురాలు ఒక్కతైనా మా అమ్మాయికి ఉండాలని కోరుకున్నాను. ఇప్పుడు ఉంది.

కృష్ణుడి కథతో పోలిక తెలుగువాళ్లకు వెంటనే తడుతుంది. తండ్రి బిడ్డను యమున దాటించడం, పల్లెలో యశోద దగ్గర పెరగడం. కానీ కంసుడి వధ తర్వాత కృష్ణుడు వెళ్లి దేవకీవసుదేవుల చెర విడిపించగలిగాడు. కాల్-ఎల్‌కు వెళ్లడానికి ఊరే లేదు. 1958 కథలో అతనికి మిగిలింది కాండోర్ అనే ఒక్క నగరం, అదీ బ్రెయినియాక్ అనే విలన్ కుదించి సీసాలో పెట్టినది. దాన్ని తన మంచు కోటలో భద్రంగా దాచుకుంటాడు. మనలో చాలామంది ఊరిని అలాగే, విమానం ఎక్కిన ఏడాది దగ్గర ఆపి దాచుకుంటాం. పిల్లలకు చెప్పేది ఆ ఊరి గురించే. తెనాలి మాత్రం ఆగలేదు. మావాడి మేనబావకు సూపర్‌మ్యాన్ గురించి వీడికంటే ఎక్కువ తెలుసు, ఇద్దరూ వాట్సాప్‌లో వాదించుకుంటారు. ఆ వాదన సగం తెలుగులో జరుగుతుంది, నేను మధ్యలోకి వెళ్లను.

క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఈస్టర్ రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వస్తాయి. పిల్లలు పంచరత్న కీర్తనలు పాడతారు. మా అమ్మాయి కూడా పాడుతుంది. మీరు వస్తే ఒక పూట గ్లెన్‌విల్‌కు కేటాయించండి. జో షుస్టర్ ఇల్లు ఉన్న చోట, ఏమోర్ అవెన్యూలో, మొదటి సంచిక పేజీలు పెద్దవి చేసి కంచెకు బిగించారు. పిల్లలు నడుస్తూ కథంతా చదవొచ్చు. జెర్రీ ఇల్లు కింబర్లీ అవెన్యూలో ఉంది. అందులో మనుషులు కాపురం ఉంటున్నారు కాబట్టి తలుపు కొట్టకుండా బయటి నుంచే చూడాలి. మాకు ముందుగా చెబితే మా బాబు దారి చూపించడానికి వస్తాడు, కథ కూడా వాడే చెబుతాడు, మీ పిల్లలకు ఏ భాష కావాలంటే ఆ భాషలో.